ఉతుకుడు బండ

శిలాజం అనగా
ప్రాచీన జీవుల అవశేషము లేక ముద్ర.
రెండు మార్కులు.
డీఎస్సీకి చదివే రోజుల్లో, హన్మకొండ హాస్టల్ డాబా మీద
ఈ వాక్యాన్ని చేతబట్టి ఎన్ని మైళ్ళు నడిచానో,
ఒక్కసారీ దాని లోపలికి తొంగి చూడలేదు.

ప్రాణహిత ఒడ్డున పోస్టింగ్.
చెన్నూరు దాటాక రోడ్డు సన్నబడుతుంది,
ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత పత్తి చేను గట్టు.
రెండు గదులు, ఐదు తరగతులు, నేనొక్కదాన్ని.
మూడో తరగతికి తీసివేతలు చెప్తుంటే
ఒకటో తరగతి వాళ్ళు తడి పలకగుడ్డతో కొట్టుకుంటుంటారు.

ఆ రోజు చేప బొమ్మ గీశాను.
మొప్పలు, రెక్కలు, పొలుసులు, బాణం గుర్తులు.
సముద్రం గురించీ చెప్పాను, ఒక్కసారే చూసినదాన్ని:
బాపట్ల దగ్గర గవ్వలేరి కొంగున కట్టుకుంటే
బస్సులో వాసనొస్తోందని పారేయించారు.
వెనక నుంచి తలండి సోము లేచాడు.
"మా నాయినమ్మ ఉతుకుడు బండల గిసుంటి చేప ఉన్నది, మేడం."
బండలో చేపేంట్రా, కూర్చో, అన్నాను.
కూర్చున్నాడు.
కానీ చేతులు కట్టుకోలేదు.

శనివారం వాగులోకి దిగాం, పద్నాలుగు మందిమి.
సబ్బు తాగి తాగి తెల్లబడిన బూడిదరంగు బండ,
దాని మూలన, జానెడు పొడుగు,
తల లేదు, తోక సగమే,
నడుమ నల్లగా నిగనిగలాడే పొలుసులు
ఈతచాప అల్లినంత ఒద్దికగా.
ఎవరో చెక్కి ఉంటారు, అన్నాను.
నాకు తెలిసింది అంతే మరి.
సోము నా బొటనవేలు పట్టుకున్నాడు.
"తల నుంచి తోకకు రాయుండ్రి. జారుతది.
గిప్పుడు తోక నుంచి తలకు."
తగులుకుంది.
"చెక్కినోడు గింత యాది పెట్టుకుంటడా, మేడం?"

టిఫిన్ డబ్బాలో నిమ్మచెక్క ఉంది.
ట్రైనింగులో చెప్పింది గుర్తొచ్చి
చేపకు దూరంగా, అవతలి అంచున పిండాను.
బుసబుసమని నురుగు లేచింది.
"బండకు పానమచ్చింది!" అని ఐదేళ్ళ అనూష వెనక్కి ఉరికింది.
సున్నపురాయి, అని చెప్పాను,
ఈసారి వాక్యం నా నోట్లోంచి కాదు, వేళ్ళలోంచి వచ్చింది.

బట్టల మూటతో వచ్చిన ముసలమ్మ జంగుబాయి
అంతా విని, ఆకుకు సున్నం రాసుకుంటూ ఆగింది.
"మా మామ గీ బండలే కాల్చి సున్నం తీస్తుండె.
అంటే గిన్నేండ్లు నేను నీసు నములుతున్ననా?"
పిల్లలు పడీపడీ నవ్వారు.
ఆమె మాత్రం ఒకసారి ఉమ్మి చూసుకుంది.

గట్టు ఎక్కితేనే సిగ్నల్.
పద్దెనిమిది కోట్ల ఏండ్లు, కొంచెం అటూ ఇటూ.
బోర్డు మీద సున్నాలు పెట్టుకుంటూ పోతే
ఐదో తరగతి వాళ్ళు కూడా మధ్యలో దిగిపోయారు.
"అప్పుడీడ సముద్రముండెనా, చెరువుండెనా?"
చదివినవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారట.
'తెలియదు' అని రాశాను.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
ఆ మాట బోర్డు మీద రాయడం అదే మొదలు.
పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు,
అండర్‌లైన్ చేసి మరీ.

హైదరాబాదు పంపిద్దాం, అద్దాల పెట్టెలో పెడతారు, అన్నాను జంగుబాయితో.
"నా బట్టలు దేని మీద ఉతకాలె?
గా అద్దాలోళ్ళు అచ్చి ఉతుకుతరా?"
జవాబు దొరకలేదు.
ఫోటోలు తీసి, స్కేలు పక్కన పెట్టి కొలిచి, వచ్చేశాం.
ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఇంకా ఏమీ రాలేదు.

మొన్న అటు పోతుంటే
దూరం నుంచే దెబ్బల చప్పుడు వినిపించింది.
జంగుబాయి దుప్పటి ఉతుకుతోంది.
నన్ను చూడనట్టే ఉంది.
ఎండ కళ్ళలో పడుతున్నా
ఇటు తిరిగి,
ఎప్పుడూ నిలబడే చోటు వదిలేసి,
బండకు రెండో మూలన.